ఓటు లేని సభలో లెక్కల పంతులు

మన సంఘానికి యాభై ఏళ్ళు నిండిన ఈ శుభసమయంలో వెలువడే సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవారు చాలామంది ఉన్నారు కనుక నేను వేరే దారి పట్టాను. ముప్పై మూడేళ్ళు ఖజానా శాఖలో పద్దులూ బిల్లులూ చూసినవాణ్ణి. బడ్జెట్ పుస్తకం అంటే చాలామందికి నిద్రమందు. నాకు మాత్రం ఆ అంకెల వెనుక మనుషులు కనిపిస్తారు. ఆ చూపు నాకు అలవాటు చేసింది గోపాలకృష్ణ గోఖలే ప్రసంగాలు. మన సాంఘికశాస్త్రం పుస్తకంలో ఆయనకు దక్కినవి రెండే ముక్కలు: మితవాది, గాంధీగారి రాజకీయ గురువు. రెండు మార్కుల ప్రశ్నకు అవి చాలు. కానీ ఆయన ముందుగా మనలాంటి బడిలో పాఠం చెప్పిన పంతులు. ఆ తరువాత గవర్నర్ల ముందూ వైస్రాయిల ముందూ నిలబడి, పదమూడేళ్ళపాటు దేశపు జమాఖర్చులు సరిచూసిన శాసనసభ్యుడు.

బడ్జెట్ విషయంలో గవర్నరుకూ, ఎన్నికైనవారికీ తగువు కొత్తదేమీ కాదు. 2023 జనవరిలో బడ్జెట్ ప్రవేశపెట్టడానికి గవర్నరు అనుమతి రాలేదని తెలంగాణ ప్రభుత్వం హైకోర్టుకు వెళ్ళడం, అక్కడ ఇరువైపులా రాజీ కుదరడం మనం చూశాం. ఈనాడు రాజ్యాంగం ఉంది, కోర్టు ఉంది, సభలో ఓటు ఉంది. గోఖలేకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఆయన 1866 మే 9న కొంకణ తీరంలోని రత్నగిరి జిల్లా కోత్లుక్ గ్రామంలో పుట్టారు. పదమూడేళ్ళ వయసులో తండ్రి పోయారు. అన్నగారు గోవిందరావు తన చదువు మానుకుని, నెలకు 15 రూపాయల ఉద్యోగంలో చేరి, అందులో 8 రూపాయలు తమ్ముడి చదువుకు పంపేవారు. మిగిలిన 7 రూపాయలతో ఇల్లు గడవాలి. ఆయన మొదటి బడ్జెట్ పాఠం ఆ 15 రూపాయల్లోనే ఉందని నా ఊహ. 1884లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. ముగించి, పూనా న్యూ ఇంగ్లీష్ స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ బడిని నడిపే డెక్కన్ ఎడ్యుకేషన్ సొసైటీలో జీవిత సభ్యుడైతే, కొద్దిపాటి జీతానికి ఇరవై ఏళ్ళు పనిచేస్తానని మాట ఇవ్వాలి. ఆయన ఇచ్చారు, నిలబెట్టుకున్నారు. ఫెర్గూసన్ కాలేజీలో ఇంగ్లీషు, లెక్కలు, చరిత్ర, అర్థశాస్త్రం అన్నీ చెప్పారు. ఏ పంతులు లేకపోతే ఆ పాఠం ఆయనదే. మన మాస్టర్లకు ఈ కష్టం బాగా తెలుసు. ఆయన రాసిన అంకగణితం పుస్తకం చాలాకాలం బళ్ళలో నడిచింది.

పూనాలోనే ఆయనకు మహాదేవ గోవింద రానడే గురువుగా దొరికారు. రానడే న్యాయమూర్తి, కఠినమైన మనిషి. సర్కారు నివేదికలు చదవడం, అందులోని అంకెను వెనక్కు తిప్పి అది ఎక్కడ నుంచి వచ్చిందో పట్టుకోవడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. సార్వజనిక సభ పత్రికకు సంపాదకుడిగా గోఖలే ఆ పనిని ఏళ్ళ తరబడి చేశారు. 1897లో భారత ప్రభుత్వ ఖర్చులను విచారించే వెల్బీ కమిషన్ ముందు సాక్ష్యం ఇవ్వడానికి లండన్ వెళ్ళేసరికి ఆయనకు ఇంకా ముప్పై ఒకటి నిండలేదు. నిపుణులైన ఆంగ్లేయుల అడ్డు ప్రశ్నలకు తొణకకుండా నిలబడ్డారు.

కానీ ఆ ప్రయాణంలోనే ఆయనకు పెద్ద దెబ్బ తగిలింది. పూనాలో ప్లేగు సోదాల పేరుతో సైనికులు ఇళ్ళలో చొరబడి ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారని మిత్రులు రాసిన ఉత్తరాలు నమ్మి, ఆ సంగతి ఇంగ్లండు పత్రికల్లో వెల్లడించారు. ఋజువులు చూపమన్నారు. తిరిగివచ్చి అడిగితే ఉత్తరాలు రాసినవారు ముందుకు రాలేదు. వాళ్ళ పేర్లు బయటపెట్టి తాను తప్పుకోవచ్చు. అలా చేయక, బొంబాయి గవర్నరు సాండ్‌హర్స్ట్‌కూ సైనికులకూ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పిరికివాడని దేశమంతా నవ్వింది. ఆయన ఆ తరువాతి ప్రసంగాలు చదివితే, సర్కారు తన పుస్తకాల్లో తానే అచ్చువేసుకున్న అంకె ప్రతి మాటకూ ఆధారంగా కనిపిస్తుంది. ఆ జాగ్రత్త ఎక్కడ మొదలైందో నాకైతే సందేహం లేదు.

1899లో బొంబాయి శాసనమండలి సభ్యుడయ్యారు. ఆనాటి మండలి ఎలాంటిదో కుర్ర మిత్రులకు చెప్పాలి. 1892 చట్టం ప్రకారం సభ్యులు బడ్జెట్ మీద మాట్లాడవచ్చు, కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. ఓటు మాత్రం లేదు. ఒక్క రూపాయి తగ్గించమని తీర్మానం పెట్టడానికి కూడా వీల్లేదు. అధ్యక్ష స్థానంలో స్వయంగా గవర్నరు. చుట్టూ ఆయన అధికారుల మెజారిటీ. అంటే ఖర్చు చేసేవారే పద్దు రాసి, పద్దు చదివి, పద్దు పాస్ చేస్తారు. మా ఆడిట్ భాషలో దీనికి మంచి మాట లేదు.

1901లో ఆ మండలికి భూమిశిస్తు చట్ట సవరణ బిల్లు వచ్చింది. శిస్తు బకాయి కింద సర్కారు జప్తు చేసుకున్న భూమిని మళ్ళీ ఇచ్చేటప్పుడు, దాన్ని అమ్ముకునే తాకట్టు పెట్టుకునే హక్కు రైతుకు లేకుండా ఇవ్వవచ్చునన్నది దాని సారం. షావుకార్ల బారి నుంచి రైతును కాపాడడానికే అని ప్రభుత్వం. కరవు మీద కరవు వచ్చి బకాయిపడ్డ రైతు ఇక సర్కారుకే కౌలుదారు అవుతాడని గోఖలే, ఫిరోజ్‌షా మెహతా. మెజారిటీ ఎవరిదో ముందే తెలుసు. మెహతా లేచి బయటికి నడిచారు. గోఖలే, మరికొందరూ ఆయన వెంట నడిచారు. వాకౌట్లు చూసి చూసి విసిగిపోయిన మనకు ఇదో లెక్క కాదు. ఆ రోజుల్లో గవర్నరు ఎదుట నుంచి లేచిపోవడం పెద్ద సాహసం.

అదే ఏడు మెహతా అనారోగ్యంతో కలకత్తా ఇంపీరియల్ శాసనమండలి స్థానం వదులుకోగా, బొంబాయి సభ్యుల తరఫున గోఖలే అక్కడికి వెళ్ళారు. 1902 మార్చి 26న ఆయన మొదటి బడ్జెట్ ప్రసంగం. ఎదురుగా గవర్నర్ జనరల్ కర్జన్.

ఆ ఏడు ఖజానాలో సుమారు 7 కోట్ల రూపాయల మిగులు తేలింది. దేశం బాగుపడుతోందనడానికి అదే సాక్ష్యమని అధికారుల సంబరం. గోఖలే అడిగిన ప్రశ్న చిన్నదే: వరుసగా కరవులు, ప్లేగు, మరి ఈ డబ్బు ఎక్కడిది? జవాబు కూడా ఆయనే చెప్పారు. అంతకు ముందు వెండి ధర పడిపోయి రూపాయి విలువ తగ్గింది. లండన్‌కు పౌన్లలో కట్టవలసిన సొమ్ముకు ఎక్కువ రూపాయలు కావలసివచ్చాయి. అందుకోసం పన్నులు పెంచారు. 1888లో ఉప్పు పన్ను మణుగుకు 2 రూపాయల నుంచి రెండున్నర చేశారు. తరువాత నాణేల ముద్రణ కట్టుదిట్టం చేసి రూపాయిని 1 షిల్లింగు 4 పెన్నీల దగ్గర నిలబెట్టారు. ఇప్పుడు లండన్‌కు తక్కువ రూపాయలు చాలు. మరి పెంచిన పన్నులో? అవి అలాగే ఉన్నాయి. అదే మిగులు. జనం చేతిలో ఉండవలసిన డబ్బు సర్కారు పెట్టెలో ఉంది. అది ఐశ్వర్యం కాదు, అవసరానికి మించిన వసూలు.

ఈ వాదన మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. మిగులు చూపితే మెచ్చుకోవడమే మాకు తెలుసు. మిగులును నిలదీయవచ్చని అంతవరకూ తట్టలేదు.

ఉప్పు పన్ను అంటే ఏమిటో మన కోస్తావారికి చెప్పనక్కరలేదు. ఉప్పుమళ్ళ గట్టున కాపురం ఉన్నవాడైనా ఆ పన్నుతో కలిపి కొనుక్కోవలసిందే. 1890 కలకత్తా కాంగ్రెసులోనే ఆయన దాని మీద మాట్లాడారు. మండలిలో మళ్ళీ మళ్ళీ పట్టుకున్నారు. 1903లో అది 2 రూపాయలకు దిగింది. ఆదాయపు పన్ను పరిమితిని కూడా 500 నుంచి 1000 రూపాయలకు పెంచారు. 1905లో ఉప్పు పన్ను రూపాయిన్నర అయింది. 1907లో ఒక్క రూపాయి. ఇదంతా ఆయన ఒక్కరి ఘనత అనను. ఖజానా నిండి ఉంది కనుకనే తగ్గించగలిగారు. కానీ నిండిన ఖజానాను సైన్యానికి కాకుండా పేదవాడి ఉప్పు డబ్బా వైపు తిప్పమని లెక్క కట్టి చూపినవాడు ఒకడు ఉండాలి గదా.

గెలిచిన వాటికంటే ఓడినవే ఎక్కువ. 1904 విశ్వవిద్యాలయాల చట్టాన్ని ఎంత ఎదిరించినా ఆగలేదు. సైనిక వ్యయం తగ్గలేదు. 1905లో భారత సేవక సమాజం స్థాపించారు, అదే ఏడు కాశీ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. తిలక్ వర్గంవారు ఆయనది విన్నపాల రాజకీయం అన్నారు. అందులో కొంత నిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. వైస్రాయి మనసు మారేదాకా వేచి ఉండడం ఆకలిగా ఉన్నవాడికి చెప్పదగ్గ మాట కాదు.

1909 చట్టంతో సభ్యులకు తీర్మానాలు పెట్టి ఓటు అడిగే వీలు వచ్చింది. సర్కారు దానికి కట్టుబడనక్కరలేదు, అంతే. ఆ సందు కూడా గోఖలే వదల్లేదు. 1910 ఫిబ్రవరి 25న దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఒప్పంద కూలీలను పంపడం ఆపాలని తీర్మానం పెట్టారు. ప్రభుత్వం ఒప్పుకుంది, 1911 జూలై నుంచి ఆ రవాణా ఆగింది. నేటాల్ చెరకు తోటలకు ఓడలెక్కినవారిలో మన విశాఖ, గంజాం వైపు తెలుగువారు ఎందరో ఉన్నారు. ఈ ఒక్క విషయంలోనైనా మన జిల్లాలు ఆయనకు ఋణపడి ఉన్నాయి.

ఇక ఆయన మనసంతా పెట్టిన పని. దేశంలో అయిదు ఊళ్ళలో నాలుగింటికి బడి లేదని 1904లో ప్రభుత్వమే రాసుకుంది. ప్రాథమిక బళ్ళలో ఉన్న పిల్లలు జనాభాలో 1.9 శాతమని గోఖలే లెక్క చూపారు. 1911 మార్చి 16న ప్రాథమిక విద్య బిల్లు ప్రవేశపెట్టారు. అందులో విప్లవం ఏమీ లేదు. ఎంత జాగ్రత్తగా కట్టారో చూడండి. ఆరు నుంచి పదేళ్ళ మగపిల్లలకు చదువు నిర్బంధం. అదీ ఆ ప్రాంతపు మునిసిపాలిటీయో జిల్లా బోర్డో కావాలనుకుంటేనే. అదీ ఒక నిర్ణీత శాతం పిల్లలు అప్పటికే బడిలో ఉంటేనే. నెలకు 10 రూపాయలలోపు రాబడి ఉన్న తల్లిదండ్రులకు ఫీజు లేదు. ఖర్చులో ఒక వంతు స్థానిక సంస్థది, రెండు వంతులు ప్రభుత్వానిది. బరోడాలో 1906 నాటికే గాయక్వాడ్ మహారాజు దీన్ని చేసి చూపించారు.

బిల్లు ఏడాది పాటు దేశమంతా అభిప్రాయాలకు తిరిగింది. డబ్బు లేదన్నారు అధికారులు. ఏటేటా మిగులు చూపించినవారే. జనం సిద్ధంగా లేరన్నారు. భూస్వాములైన మనవాళ్ళు కొందరికి పన్ను భయం, పొలం పనికి కుర్రాళ్ళు దొరకరన్న భయం. జిన్నా, మదనమోహన మాలవీయ వంటివారు ఆయన పక్కన నిలిచారు. 1912 మార్చి 19న ఓటింగు. ఓడుతుందని ఆయనకు ముందే తెలుసు. ఆ మాట సభలోనే అన్నారు. అయినా ఒక్కొక్క ఆక్షేపణకూ అంకెలతో జవాబు చెప్పి కూర్చున్నారు. అనుకూలం 13, వ్యతిరేకం 38.

ఆ ఏడు చివర దక్షిణాఫ్రికా వెళ్ళి గాంధీగారితో తిరిగారు. అప్పటికే మధుమేహం ఆయన్ను తినేస్తోంది. 1914లో సర్ బిరుదు ఇవ్వబోతే వద్దన్నారు. 1915 ఫిబ్రవరి 19న పూనాలో కన్నుమూశారు. వయసు 48. బడి ఉద్యోగం నుంచి 1902లో విరమించినప్పుడు ఆయనకు వచ్చిన పింఛను నెలకు 30 రూపాయలు.

ఆయన పోయిన మూడేళ్ళకు, 1918లో బొంబాయి మండలిలో విఠల్‌భాయ్ పటేల్ తెచ్చిన ప్రాథమిక విద్య బిల్లు చట్టమైంది. 1920లో మద్రాసు చట్టం వచ్చింది. మన సర్కారు, రాయలసీమ జిల్లాల్లో స్థానిక సంస్థలు విద్యా పన్ను వేసి, నిర్బంధ విద్య పెట్టుకోవడానికి దారి ఇచ్చింది అదే. కలకత్తాలో 38 మంది కాదన్న బిల్లులోని ముఖ్యమైన ఏర్పాట్లే అందులోనూ ఉన్నాయి.