డేనియల్ నాథన్స్: డి.ఎన్.ఎ.ను కత్తిరించి చదివిన శాస్త్రవేత్త

డి.ఎన్.ఎ. పొడవైన దారం వంటిదని మీకు తెలుసు. ఆ దారంలో ఏ భాగం ఏ పని చేస్తుందో తెలియాలంటే ముందు దాన్ని నిర్ణీత స్థానాల్లో కత్తిరించాలి. ఆ మార్గం చూపినవారిలో ఒకరైన డేనియల్ నాథన్స్ జీవితాన్ని గురించి తెలుసుకుందాం.

నాథన్స్ 1928 అక్టోబరు 30న అమెరికాలోని విల్మింగ్టన్‌లో జన్మించారు. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. ఆర్థిక మాంద్యం రోజుల్లో తండ్రి తన చిన్న వ్యాపారాన్ని పోగొట్టుకుని, కొంతకాలం పని లేక ఇబ్బంది పడ్డారు. అయినా నాథన్స్ చదువు ఆగలేదు. 1954లో వైద్య పట్టా పొందారు. కాని ఆయన మనసు పరిశోధన వైపు మళ్ళింది. 1962లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చేరారు.

1969లో ఆయన ఇజ్రాయెల్‌లో ఉండగా, సహోద్యోగి హామిల్టన్ స్మిత్ నుంచి ఉత్తరం వచ్చింది. ఒక బాక్టీరియాలో డి.ఎన్.ఎ.ను కత్తిరించే ఎంజైమ్ దొరికిందన్నది దాని సారాంశం. బాక్టీరియా ఇటువంటి ఎంజైమ్‌తో తనపై దాడి చేసే వైరస్ డి.ఎన్.ఎ.ను ముక్కలు చేస్తుంది. తన డి.ఎన్.ఎ.కు మాత్రం రసాయన గుర్తులు పెట్టి కాపాడుకుంటుంది. ఈ ఎంజైమ్ ఒక నిర్దిష్ట అక్షరక్రమం ఉన్నచోటే కత్తిరిస్తుంది.

దీన్ని పనిముట్టుగా వాడవచ్చని నాథన్స్ గ్రహించారు. జంతువుల్లో కణుతులు కలిగించే ఎస్.వి.40 వైరస్‌ను ఎంచుకున్నారు. 1971లో విద్యార్థిని క్యాథ్లీన్ డానాతో కలిసి దాని డి.ఎన్.ఎ.ను 11 ముక్కలు చేశారు. జెల్‌లో విద్యుత్తు ప్రవహింపజేస్తే చిన్న ముక్కలు వేగంగా, పెద్దవి నెమ్మదిగా కదిలి వేరుపడ్డాయి. తరువాత ఆ ముక్కల వరుసను గుర్తించి వైరస్ జన్యుపటం తయారుచేశారు.

అయితే కత్తిరించిన ముక్కలను వేరే జీవుల్లో కలిపితే ప్రమాదమేమో? 1974లో, భద్రత తేలేవరకు కొన్ని ప్రయోగాలను ఆపాలని కోరిన శాస్త్రవేత్తల్లో నాథన్స్ కూడా ఒకరు. తాము తయారుచేసిన పనిముట్టుకు తామే హద్దు గీసుకోవడం గమనించదగినది.

1978లో వెర్నర్ ఆర్బర్, స్మిత్‌లతో కలిసి నాథన్స్ నోబెల్ బహుమతి పొందారు. బాక్టీరియా చేత మానవ ఇన్సులిన్ తయారుచేయించడానికి ఇటువంటి ఎంజైమ్‌లే తోడ్పడ్డాయి. 1980లలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ బృందం రూపొందించిన డి.ఎన్.ఎ. వేలిముద్రల పద్ధతిలోనూ ఇవి ఉపయోగపడ్డాయి. నాథన్స్ 1999 నవంబరు 16న మరణించారు.

ఆలోచించండి: బాక్టీరియా తయారుచేసే ఎంజైమ్ దాని సొంత డి.ఎన్.ఎ.ను ఎందుకు కత్తిరించదు?