క్షతగాత్రుల నేస్తం ఆంబ్రోజ్ పారే

పెద్ద చదువులకు నోచుకోకపోయినా, తన కండ్లతో చూచినదానిని నమ్ముకుని లోకానికి మేలు చేసిన మహనీయులు ప్రతి దేశంలోనూ ఉంటారు. అట్టివారిలో ఒకరు ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారే. ఆయన కన్నుమూసి నాలుగు వందల ఏండ్లు దాటింది. అయినా మన ఇండ్లలో పిల్లవాడి మోకాలు చెక్కుకుపోయినా, పొయ్యి దగ్గర ఆడవాళ్ళ చెయ్యి కాలినా, ఏ మలాం పూయాలి, అసలు పూయవచ్చునా అనే ప్రశ్న వస్తూనే ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతికే దారి చూపిన మనిషి గనుక ఆయన జీవిత విశేషాలను మన సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాము.

పారే 1510 ప్రాంతంలో ఫ్రాన్సులోని లవాల్ పట్టణం దగ్గర ఒక సామాన్య కుటుంబంలో పుట్టాడు. ఆ రోజుల్లో ఐరోపాలో వైద్యులు వేరు, శస్త్రవైద్యం చేసేవారు వేరు. లాటిను చదువుకున్న వైద్యులు నాడి చూచి మందు చెప్పేవారే గాని చేతికి రక్తం అంటనిచ్చేవారు కారు. కోయడం, కట్టు కట్టడం, పుండు కడగడం ఎక్కువగా మంగలుల పని. మన పల్లెల్లో కూడా కురుపు కోయించాలన్నా, పిల్లవాడికి సున్తీ చేయించాలన్నా హజ్జాం ఇంటికి కబురు పంపే రోజులు ఉండేవి గదా, ఇదీ అటువంటిదే. పారే కూడా మంగలి శస్త్రవైద్యుల దగ్గరే పని నేర్చుకున్నాడు. తర్వాత పారిస్‌లోని ఓతెల్ ద్యూ అనే పెద్ద ధర్మాసుపత్రిలో సుమారు మూడేండ్లు పేద రోగులకు సేవ చేశాడు. ఆయనకు లాటిను రాదు. రోగి మంచమే ఆయనకు బడి అయింది.

1537లో ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ సైన్యం ఇటలీలోని ట్యూరిన్ మీదికి నడిచింది. ఆ సైన్యం వెంట పారే వెళ్ళాడు. ఆయన చూచిన మొదటి యుద్ధం అదే. తుపాకి గాయాలకు వైద్యం ఎట్లా చేయాలో ఆయన అప్పటికి పుస్తకంలో విన్నాడే గాని కంటితో చూడలేదు. ఇటలీకి చెందిన జొవాన్ని ద వీగో అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు, తుపాకిమందు విషమనీ, ఆ విషం విరగాలంటే గాయంలో మరిగే నూనె పోసి కాల్చాలనీ వ్రాసియున్నాడు. ఎల్డర్ అనే చెట్టు పేరిట తయారయ్యే ఆ నూనెలో కొద్దిగా తిర్యాఖ్ కూడా కలిపేవారు. మన యునానీ హకీములకు సుపరిచితమైన తిర్యాఖే ఇది. అసలే గుండు దెబ్బ, ఆపైన సలసల కాగే నూనె! ఆ సిపాయిల బాధ ఎట్టిదో మనం ఊహించుకోవలసిందే.

అందరూ చేసినట్లే పారే కూడా చేశాడు. ఇంతలో నూనె అయిపోయింది. ఇంకా గాయపడినవాళ్ళు మిగిలియున్నారు. ఏం చేస్తాడు పాపం? చేతికి అందిన వాటితో గుడ్డు పచ్చసొన, గులాబీ నూనె, టర్పెంటైన్ కలిపి ఒక మలాం చేసి పూశాడు. మన హకీములు రోగన్-ఎ-గుల్ అంటారే, ఆ గులాబీ నూనే. పూశాడు గాని ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. కాల్చకుండా వదిలినవాళ్ళంతా తెల్లవారేసరికి విషమెక్కి చనిపోయి ఉంటారేమోనని భయం. తెల్లవారకముందే లేచి చూడబోయాడు. చూచినది వేరు. చల్లని మలాం పూసినవాళ్ళకు నొప్పి తక్కువ, వాపు లేదు, రాత్రి కాస్త నిద్ర కూడా పట్టింది. మరిగే నూనె పోసినవాళ్ళు జ్వరంతో మూలుగుతున్నారు, గాయం చుట్టూ ఎర్రగా వాచియున్నది. ఇక ఈ జన్మలో తుపాకి దెబ్బ తిన్నవాడిని అంత క్రూరంగా కాల్చనని ఆనాడే నిశ్చయించుకున్నాడు.

ఇందులో గొప్ప ఏమిటని ఎవరైనా అడగవచ్చు. నూనె అయిపోవడం తలవని తలంపుగా జరిగింది, నిజమే. గొప్పంతా తెల్లవారి వెళ్ళి చూడటంలో ఉంది. చూచిన తర్వాత పుస్తకం మాటను పక్కన పెట్టి, తన కన్ను చెప్పిన మాటను ఒప్పుకోవడంలో ఉంది. గాయానికి వచ్చిన వాపు చాలావరకు వైద్యమే తెచ్చిపెట్టినదని ఆయన గ్రహించాడు.

అక్కడే మరొక సంగతి జరిగింది. వంటశాలలో పనిచేసే కుర్రవాడొకడు కాగుతున్న నూనెలో పడ్డాడు. మందు కోసం పారే అంగడికి పోతే, అక్కడున్న ఒక పల్లెటూరి ముసలమ్మ పచ్చి ఉల్లిపాయలు కొద్దిగా ఉప్పు వేసి నూరి పూయమన్నది. ముసలమ్మ మాట గదా అని ఆయన కొట్టిపారేయలేదు. పూసి చూశాడు. మరునాడు ఉల్లి పూసినచోట బొబ్బలు లేవు, పూయనిచోట లేచినవి. అయినా ఒక్కసారితో నమ్మలేదు. తర్వాత ఒక జర్మన్ సిపాయికి తుపాకిమందు అంటుకుని ముఖం, చేతులు కాలినప్పుడు, ముఖానికి ఒక వైపు ఉల్లి, రెండో వైపు మామూలు మందు పూసి పోల్చి చూశాడు. ఉల్లి పూసిన వైపే మేలుగా కనిపించింది. ఒకే మనిషిలో రెండు మందులను పక్కపక్కన పెట్టి చూడటం నేటి పరిశోధకులు కూడా చేసే పనే.

పారే అన్నిటా సరైనవాడే అని మేము చెప్పబోవడం లేదు. ట్యూరిన్‌లో పేరుమోసిన ఒక శస్త్రవైద్యుడి రహస్య తైలం కోసం రెండేండ్లు ఆయన వెంట తిరిగాడు. తీరా చూస్తే అది కుక్కపిల్లలను నూనెలో ఉడికించి, వానపాములు, టర్పెంటైన్ కలిపి చేసేది! దానిని పారే ఎంతో మెచ్చుకున్నాడు. అయితే ఆ రహస్యాన్ని తన కడుపులో దాచుకోక అందరికీ తెలిసేట్లు పుస్తకంలో వ్రాశాడు.

తుపాకి గాయాల వైద్యంపై ఆయన పుస్తకం 1545లో వెలువడింది. లాటినులో కాక ఫ్రెంచిలో వ్రాసినందున సామాన్య మంగలి వైద్యులు కూడా చదువుకోగలిగారు. 1552లో ఒక అధికారి కాలు తీసివేయవలసి వచ్చినప్పుడు, ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టక, రక్తనాళాలను దారంతో ముడివేసి రక్తం ఆపాడు. ఈ ముడివేసే పద్ధతిని స్పెయిన్‌లోని కార్డోబాకు చెందిన మన అల్ జహ్రావీ అంతకు అయిదు వందల ఏండ్ల ముందే తన గ్రంథంలో వ్రాసియుండటం మనం గుర్తుంచుకోదగినది. కాలంతో మరుగునపడిన పద్ధతికి పారే తిరిగి ప్రాణం పోశాడు.

రెండవ హెన్రీ మొదలు మూడవ హెన్రీ దాకా నలుగురు రాజులకు ఆయన వైద్యుడయ్యాడు. 1575లో తన రచనలన్నీ ఒక్కచోట అచ్చు వేయిస్తే, పారిస్ వైద్య పండితులు లాటిను రానివాడికి ఇంత సాహసమా అని అడ్డుతగిలారు. ఆయన జంకలేదు. ఇంత పేరు వచ్చినా కట్టు కట్టడం వరకే తన పని, స్వస్థత ఇచ్చేవాడు దేవుడే అనే వినయం ఆయన విడువలేదు. 1590 డిసెంబరు 20న పారిస్‌లో మరణించాడు.

ఇక ఆయన చూచిన వాపు సంగతి నేటి శాస్త్రం ఏమంటుందో నాలుగు మాటలు. దెబ్బ తగలగానే రక్తం గడ్డకడుతుంది. వెంటనే ఆ చోట ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. తెల్లరక్తకణాలు వచ్చి క్రిములనూ, చచ్చిన కణాలనూ శుభ్రం చేసే సమయమది. తర్వాతే కొత్త కండ, కొత్త చర్మం పుడతాయి. కాబట్టి కొద్దిపాటి వాపు శత్రువు కాదు, బాగుచేయడానికి వచ్చిన పనివాడు. అది మితిమీరినా, నెలల తరబడి తగ్గకపోయినా మాత్రం పుండు మానదు. షుగరు వ్యాధి ఉన్నవారి కాలి పుండ్లలో జరిగేది చాలావరకు ఇదే.

1952 నుండి హైడ్రోకార్టిసోన్ వంటి స్టెరాయిడ్ మలాములు చర్మవ్యాధులకు వాడుకలోకి వచ్చాయి. గజ్జి కాని దురదలకు, ఎగ్జిమాకు అవి దివ్యౌషధాలే. కాని పచ్చి గాయం మీద పూస్తే వాపుతో పాటు మానే పని కూడా మందగిస్తుంది. కొత్త కండకు కావలసిన కొల్లాజెన్ తగ్గుతుంది, చర్మం పలచబడుతుంది, క్రిములు సులభంగా చేరతాయి. మానిన తర్వాత మచ్చ ఉబ్బి పెరిగితే, దానిని అణచడానికి డాక్టర్లు అదే స్టెరాయిడ్‌ను సూదిమందుగా ఇస్తారు. మందు ఒకటే, వేళ వేరు. నొప్పులకు రాసే డైక్లోఫెనాక్ జెల్ కూడా తెగిన చర్మం మీద రాయరాదు.

కనుక మా మనవి ఇది. అంగట్లో అడిగి తెచ్చిన ట్యూబు ప్రతి పుండుకూ పూయకండి. చెయ్యి కాలితే ఉల్లిపాయా వద్దు, టూత్‌పేస్టూ వద్దు. ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద పట్టండి. తెగితే శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ధనుర్వాతం సూది సంగతి డాక్టరును అడగండి. ముఖ్యంగా పారే చేసినట్లు మరునాడు ఉదయం కట్టు విప్పి చూడండి. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఇంట్లో వారికి షుగరు ఉన్నా ఆలస్యం చేయక దవాఖానాకు తీసుకుపొండి.