చెన్నపురి దాత - దామెర్ల వేంకటాద్రి నాయకుడు

ఏటేట ఆగస్టు 22వ తేదీన చెన్నపురి జన్మదినము జరుగుచున్నది. నాడు వక్తలు విశేషముగ స్మరించునది ఫ్రాన్సిస్ డే అను ఆంగ్ల వర్తకుని. స్థలమిచ్చిన ప్రభువు పేరు ఒక వాక్యమున వచ్చి పోవును. ఆ ప్రభువు తెలుగువాడు, వెలమదొర, దామెర్ల వేంకటాద్రి నాయకుడు. అతని చరిత్రమును సంగ్రహముగ విన్నవింపదలచితిమి.

1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట రాయల రాజధాని పెనుగొండకును, చంద్రగిరికిని, వేలూరునకును తరలుచు వచ్చెను. రాజు బలము తగ్గినకొలది నాయకుల బలము హెచ్చెను. అట్టి నాయకులలో దామెర్ల చెన్నప్ప ప్రసిద్ధుడు. ఆయన కుమారులలో వేంకటాద్రి వందవాసి నుండి తీరప్రాంతము నేలెను, అయ్యప్ప పూనమల్లిలో నుండి సోదరునికి కుడిభుజమయ్యెను, అంకభూపాలుడు కవి.

ఆ తీరమున ఉత్తరమున ప్రళయకావేరి, అనగా పులికాటు, డచ్చివారి చేతిలో నుండెను. దక్షిణమున మైలాపూరుకడ శాంతోము పోర్చుగీసువారిది. ఇరువురకును నిత్యకలహము. ఆంగ్లేయులు నెల్లూరు సీమలోని దుర్గరాజపట్టణమున, అనగా ఆర్మగామున, చిన్న కోట కట్టుకొని వర్తకము సాగక విసిగియుండిరి. అచ్చటి అధికారియగు డే అద్దకపు బట్టలు చౌకగ దొరకు తావు వెదకుచు దక్షిణమునకు రాగా, అయ్యప్ప ఆతని నాదరించి సోదరునికడ మాట సాగించెను. 1639లో పట్టా లభించెను. కోట కట్టుకొనుటకును, నాణెములు ముద్రించుటకును అనుమతి. రేవు సుంకములో సగము కంపెనీకి.

వేంకటాద్రి యేల యిచ్చెను? డే వ్రాసిన లేఖలో కారణములు కలవు. వర్తకముచే తన సీమ సంపన్నము కావలెను. వెల యిచ్చి పారశీకపు గుఱ్ఱములు తెప్పించుకొనవలెను. ఏటేట ఆంగ్లేయుల ఓడపై బంగాళమునకు మనిషిని పంపి డేగలను, కోతులను, చిలుకలను కొనిపించవలెను. పొరుగు శత్రువులు పైబడినచో ఆ కోటలో తలదాచుకొనవలెను. చిలుకల మాట చదివి మేమును నవ్వితిమి. కాని తక్కిన మూడును పాలకుడు ఆలోచింపదగినవే.

దేశము నమ్ముకొన్నవాడని యితనిని నిందించువారు కలరు. మే మట్లు తలపము. నాటి ఆంగ్లేయులు ఆశ్రయము కోరి వచ్చిన బేహారులు. వారికంటె డచ్చివారే బలవంతులు. బేహారులను పోటీకి నిలిపి లాభము పొందుట నాడు అందరు నాయకులు చేసిన పనియే. అయినను దోషము లేకపోలేదు. సుంకములో పాలు ఇచ్చిన ప్రభువు దానిని మరల తీసికొనగలడు. కోటయు టంకశాలయు ఇచ్చిన ప్రభువు వానిని మరల తీసికొనలేడు. ఈ భేద మతనికి తోచలేదు.

డే నిజాయితీ యెంతటిదో కూడ చెప్పవలెను. కోట వ్యయమును నాయకుడే భరించునని అతడు పైవారిని నమ్మించెను. 1640 ఫిబ్రవరిలో కోగన్ దొరతో కూడ వచ్చి పని యారంభింపబోగా, నాయకు డట్టి మాటే యీయలేదనెను. లండనులోని యజమానులు ఖర్చు చూచి చిరాకుపడిరి. అయినను కోట లేచెను.

ఇక పేరు. మద్రాసుపట్టణమను పల్లె పట్టాకు పూర్వమే యున్నది. దాని వ్యుత్పత్తిపై పలువురు పలు విధముల వాదింతురు. కోట చెంత వెలసిన నూతన పట్టణమునకు మాత్రము చెన్నప్ప పేరు పెట్టబడెను. చెన్నకేశవస్వామి వలన ఆ పేరు కలిగెనని కొందరందురు. కాని అంకభూపాలుడు తన ఉషాపరిణయమున, అయ్యప్ప తమ తండ్రి పేర చెన్నపట్టణమును నిర్మించెనని స్పష్టముగ వ్రాసెను. కన్నకొడుకు సాక్ష్యముకంటె వేఱు సాక్ష్యమేల? ఆ పట్టణమును అన్న నిలిపెనా, తమ్ముడు నిలిపెనా యను తగవు మాకు ముఖ్యము కాదు.

1642లో పెద వేంకటరాయలు గతించి శ్రీరంగరాయలు రాజయ్యెను. వేంకటాద్రి రాజానుగ్రహమును, దానితో అధికారమును కోలుపోయెను. 1645లో శ్రీరంగరాయలే ఆంగ్లేయులకు పట్టాను స్థిరపరచెను. అనతికాలముననే గోలకొండ సేనాని మీర్ జుమ్లా ఆ సీమ నాక్రమించెను. ఇచ్చినవాడు పోయెను, స్థిరపరచినవాడు పోయెను. కోట మాత్రము పోలేదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము చెన్నపురి లేకయే ఏర్పడెను. 1996లో తమిళనాడు ప్రభుత్వము ఆ నగరమునకు చెన్నై యను పేరును స్థిరపరచెను. చెన్నప్ప పేర వెలసిన తొలి పట్టణము మాత్రము 18వ శతాబ్ది మధ్యమున ఫ్రెంచివారి చేతను, పిమ్మట ఆంగ్లేయుల చేతను కూలద్రోయబడెను. ఆ తావుననే 1892లో పూర్తియైన హైకోర్టు భవనము నేడును నిలిచియున్నది.