దామనపల్లి కనుమలో గురి

మాది భీమిలి. హాస్టల్లో నన్ను అందరూ స్నైపర్ గేమ్ పిచ్చోడంటారు. ఆ గేమ్‌లో పెద్ద గ్రాఫిక్స్ ఉండవు, కథా ఉండదు. మేడ మీద పడుకుని స్కోప్‌లో చూస్తూ ఊపిరి బిగబట్టాలి. ఒక్కటే తూటా. నిజం చెప్పాలంటే నాకు నచ్చేది కాల్చడం కాదు, కాల్చకుండా ఆగడం. గుంపులో వేరేవాడికి తగిలిందా, మిషన్ ఫెయిల్. మళ్ళీ మొదలెట్టొచ్చు.

అలా ఆగిన మనుషుల నాయకుడు పుట్టింది మా ఊరికి దగ్గర్లోనే. 1897 జూలై 4న, పాండ్రంగిలో, అమ్మమ్మగారింట్లో. అల్లూరి సీతారామరాజు. సినిమా చూశాం కదా అంటారేమో, నేనూ అలాగే అనుకున్నా.

చిన్నప్పుడే నాన్న పోయారు. చదువు ఊళ్ళు మారుతూ సాగి మధ్యలోనే ఆగింది. 1917లో మన్యంలోని కృష్ణదేవిపేట చేరారు. అక్కడ అటవీ చట్టం పోడు కొట్టుకోనివ్వదు, రోడ్డు పనికి సరైన కూలి ఇవ్వరు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్, తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. చేతికొచ్చినవి 26 తుపాకులు. ఏమేం తీసుకెళ్తున్నారో స్టేషన్ పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళారు!

సెప్టెంబర్ 24, దామనపల్లి కనుమ. ఇరుకు దారిలో పోలీసు దళం వస్తోంది. రాజు మనుషులు పైన పొదల్లో మాటు వేశారు. ముందు నడిచేది మనదేశం సిపాయిలు. వాళ్ళని కొట్టడం తేలిక, కానీ పోనిచ్చారు. వెనకొచ్చిన ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ గురిలోకి వచ్చాకే కాల్చారు. ఇద్దరూ చనిపోయారు. గేమ్‌లో అయితే ఇక్కడ స్టార్లు పడతాయి. ఇది చదివాక మాత్రం నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. అక్కడ పడినవాళ్ళు మళ్ళీ లేవలేదు. కానీ వదిలేసిన సిపాయిల్లో ఎంతమంది ఇంటికెళ్ళి పిల్లల్ని చూసుకుని ఉంటారో అనే ఆలోచన మాత్రం వదల్లేదు.

తర్వాత అస్సాం రైఫిల్స్ దిగింది. అనుచరులు ఒక్కొక్కరే చిక్కారు. 1924 మే 7న కొయ్యూరులో రాజుని చెట్టుకి కట్టేసి కాల్చేశారు. కోర్టు లేదు, విచారణ లేదు. కదల్లేని మనిషిని కాల్చడానికి గురి ఎందుకు?

అప్పటికి ఆయనకి 27 నిండలేదు. మన సీనియర్ల కన్నా మూడు నాలుగేళ్ళు పెద్ద, అంతే. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఈ సెలవుల్లో బండి మీద వెళ్దామనుకుంటున్నా, వచ్చేవాళ్ళు చెప్పండి.