పట్టాకు అందని ప్రతిభ: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన ఎర్రమంజిల్ నుండి పంజగుట్ట దారి పట్టినవారికి నిజాం వైద్య విజ్ఞాన సంస్థ కనిపిస్తుంది. అక్కడికి వచ్చే రోగి వైద్యుని పాండిత్యాన్ని పరీక్షించలేడు. పేరు ప్రక్కనున్న నాలుగు అక్షరాలను నమ్మి తన ప్రాణాన్ని అప్పగిస్తాడు. కావున వైద్యుని పట్టా అలంకారం కాదు. విద్య నెరిగిన పెద్దలు ప్రజలకిచ్చే హామీ. ఆ హామీనిచ్చే చేయి పక్షపాతానికి లోనైతే ఏమగునో యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం తెలుపుతుంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో, పేద కుటుంబంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండుమార్లు తప్పి, మూడవమారు ఉత్తీర్ణులైనారు. స్ప్రూ అనే జీర్ణవ్యాధి సోదరుని బలిగొన్నది. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతుండగా గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కంటగింపైనది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. రావలసిన విద్యార్థికి ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టా దక్కింది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో కొలువు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ కాలం గడిపారు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన అండతో బోస్టన్ చేరారు. జీవనం గడవక ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పనివాడుగా కుదిరి, రోగుల పాత్రలు కడిగారు. పగలు హార్వర్డులో చదివి ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా, 1930లో పిహెచ్.డి. సాధించారు. అంతకు ముందే, 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని, 1927లో కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకానికి తెలిపారు. అయినను హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి నీయలేదు.

ఆ దేశంలో ఆ కాలముననే వైద్య నిపుణులను తోటి నిపుణులే పరీక్షించి ధ్రువపత్రమిచ్చే బోర్డులు వెలిశాయి. 1916లో నేత్రవైద్యులతో మొదలైన ఆ ఏర్పాటు 1933 నాటికి ఒక ఉమ్మడి వ్యవస్థగా రూపొందింది. వైద్యం చేయుటకు ప్రభుత్వమిచ్చే అనుమతి వేరు. ఒక శాఖలో నిపుణుడని బోర్డు చెప్పే మాట వేరు. మన దేశంలోను 1975లో జాతీయ పరీక్షల బోర్డు ఏర్పడింది.

సుబ్బారావు గారు రోగులను చూచే వైద్యుడు కాలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధకులకు నాయకత్వం వహించారు. ఆ ప్రయోగశాలనుండి స్ప్రూకు, రక్తహీనతకు ఔషధమైన ఫోలిక్ ఆమ్లం, బోదకాలు వ్యాధికి హెట్రజాన్, టెట్రాసైక్లిన్ మందులలో మొదటిదైన ఆరియోమైసిన్, క్యాన్సరుకు మెథోట్రెక్సేట్ వెలువడ్డాయి. ఏ వ్యాధి సోదరుని హరించిందో దానికే మందు దొరికింది. కాని ఆయన స్వదేశాన్ని గాని, విడిచివచ్చిన భార్యను గాని మరల చూడలేదు. 1948 ఆగస్టులో, యాభైమూడేళ్ల వయసులో, న్యూయార్కు సమీపంలో కన్నుమూశారు.

ఈ చరిత్ర చదివి పట్టాలు వ్యర్థమని తలంచరాదు. పరీక్షలేని వైద్యం రోగికి ప్రాణాపాయం. సుబ్బారావు గారు సైతం పరీక్షలను నిరసించలేదు. ఒకచోట తగ్గించిన పట్టాకు మరొకచోట చదివి సమాధానమిచ్చారు. తప్పు పరీక్షలో లేదు. విద్యను విడిచి వస్త్రాన్ని తూచిన పరీక్షకునిలో ఉంది. ఆ పొరపాటును దాటుటకు సుబ్బారావు గారికి సముద్రం దాటవలసి వచ్చింది. అట్లు దాటలేక మరుగునపడిన వారెందరో!

విద్యార్థులారా! నేడు పరీక్ష వ్రాయు మీలో కొందరు రేపు ఇతరులను పరీక్షింపగలరు. ఆనాడు మీ ఎదుట నిలిచిన వాని దుస్తులను, కులమతాలను, భాషను గాక విద్యను మాత్రమే తూచండి. మీ సంతకాన్ని నమ్మి ఎక్కడో ఒక రోగి తన చేయి చాచుతాడు.