ఏరియల్ తీగ కట్టిన రాకుమారి

ఒకప్పుడు మన ఊళ్ళలో రేడియో ఉన్న ఇంటిని గుర్తించుట చాల సులభము. ఇంటి కప్పుపై రెండు వెదురు గడలు, వాని నడుమ బిగించి కట్టిన రాగి తీగ, తీగకు ఇరుకొనల పింగాణీ బిళ్ళలు కనిపించేవి. దానిని ఏరియల్ అనేవారు. ఏరియల్ కట్టించిన గృహస్థునికి అది గౌరవచిహ్నము. వీధిలోని పదిమందియు దానిని చూడవలెననియే అతని కోరిక. 1943లో పారిస్ నగరములో ఇటువంటి తీగనే ఒక యువతి ఎవరి కంటను పడకుండ కట్టవలసి వచ్చినది. కంటబడినచో ప్రాణము దక్కదు. ఆమె పేరు నూర్ ఇనాయత్ ఖాన్.

ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ 1882లో బరోడాలో జన్మించినారు. వీణావాదనలో దిట్ట. ఆయన మాతామహి టిప్పు సుల్తాను వంశీయురాలని కుటుంబ పరంపర. యౌవనమున ఆయనను మన హైదరాబాదు ఆకర్షించినది. నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆయన సంగీతము విని ఆదరించినాడు. అయితే హైదరాబాదు ఆయనకు ఇచ్చిన అసలు కానుక ఆ ఆదరము కాదు. సయ్యద్ అబూ హాషిం మదనీ అను సూఫీ గురువు ఆయనకు లభించినది ఆ నగరములోనే. గురువు ఆనతి మేరకు సంగీతమును, సూఫీ తత్త్వమును పాశ్చాత్యులకు అందించుటకై ఇనాయత్ ఖాన్ 1910 సెప్టెంబరు 13న భారతదేశము విడిచి ఓడ ఎక్కినారు. అమెరికాలో ఓరా రే బేకర్ అను యువతి పరిచయమై, 1913లో లండనులో ఆయన భార్య అయినది. మరుసటి సంవత్సరము జనవరి 1న మాస్కోలో వారికి తొలి సంతానముగా నూర్ జన్మించినది. ఆ పేరునకు వెలుగు అని అర్థము.

బాల్యము కొంత లండనులోను, తరువాత పారిస్ సమీపమున సురేన్‌లోని ఫజల్ మంజిల్ అను ఇంటను గడచినది. తండ్రి 1927లో ఢిల్లీలో కన్నుమూసినారు. భర్తృవియోగముతో తల్లి క్రుంగి గదికి పరిమితము కాగా, పదమూడేండ్ల నూర్ చిన్నవారగు ముగ్గురికి తల్లి అయినది. తరువాత సోర్బాన్‌లో బాలల మనస్తత్త్వము చదివినది. నాదియా బూలాంజే వద్ద సంగీతము నేర్చినది. వీణకు బదులు హార్పును చేతబట్టినది. పిల్లల కొరకు కథలు వ్రాసినది. వానిలో కొన్ని పారిస్ రేడియోలో బాలల కార్యక్రమమున ప్రసారమైనవి. రేడియోతో ఆమెకు కలిగిన మొదటి చుట్టరికము అది! 1939లో బుద్ధుని పూర్వజన్మ గాథల నుండి ఇరువది ఎన్నుకొని ఆమె ఆంగ్లమున వెలువరించిన జాతక కథల పుస్తకము నేటికిని పిల్లలు చదువుచునే ఉన్నారు.

ఆ సంవత్సరమే యుద్ధము ఆరంభమైనది. 1940 జూన్‌లో జర్మను సేన పారిస్‌ను సమీపించగా, కుటుంబము ఇంగ్లండుకు తరలిపోయినది. అహింసయే ధర్మమని నేర్చిన ఇంట పెరిగిన నూర్, ఆమె తమ్ముడు విలాయత్ ఆ దినములలో ఒక కఠినమైన ప్రశ్న వేసికొనవలసి వచ్చినది. చంపరాదు సరే, చూచుచు ఊరకుండవచ్చునా? పరులను చంపవలసిన పని లేక, తమ ప్రాణమునకు మాత్రము మిక్కిలి అపాయము గల పని స్వీకరింపవలెనని నిశ్చయించుకొన్నారు. 1940 నవంబరులో నూర్ వైమానిక దళపు మహిళా సహాయక విభాగములో చేరినది. అచట ఆమెకు నేర్పిన విద్య వైర్‌లెస్.

మోర్సు మీట నొక్కుటలో ప్రతి మనిషికిని ఒక తీరు ఉండును. చేతివ్రాతను బట్టి వ్రాసినవానిని పోల్చుకొన్నట్లు, చుక్కల, గీతల నడకను బట్టి వినువారు పంపువారిని పోల్చుకొందురు. నూర్ చేయి బరువు. హార్పు తంత్రులపై అంత మృదువుగా నడచిన వ్రేళ్ళు మీటపై మాత్రము దబదబ పడేవట. అయినను ఆమె వేగము సాధించినది. ఫ్రెంచి భాష మాతృభాష వలె రావడము, వైర్‌లెస్ విద్య చేతనుండడము — ఈ రెండును గమనించిన రహస్య కార్యకలాపాల సంస్థ, స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్, ఆమెను పిలిపించినది. శిక్షకులలో కొందరు ఆమె పనికిరాదని వ్రాసినారు. ఊహాలోకపు పిల్ల, అబద్ధమాడలేదు, భయమును దాచుకొనలేదు అని వారి ఆక్షేపణ. ఆక్షేపణలో నిజము లేకపోలేదు. కాని ఫ్రాన్సులో వైర్‌లెస్ తెలిసినవారు కరవై, పైఅధికారి ఆ వ్రాతలను ప్రక్కన పెట్టినాడు. 1943 జూన్ 16 రాత్రి ఒక చిన్న లైసాండర్ విమానము ఆమెను ఆంజే సమీపాన పొలములో దింపినది. ఇంగ్లండు నుండి శత్రువశమందున్న ఫ్రాన్సునకు వెళ్ళిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటరు ఆమెయే. రహస్యనామము మాడెలీన్.

ఆమె చేయవలసిన పని ఎట్టిదో కొంత వివరింపక తప్పదు. ఆ కాలపు రహస్య యంత్రము సాధారణమైన సూట్‌కేసులో ఇమిడేది. బరువు దాదాపు 15 కిలోలు. శక్తి ఇరువది వాట్ల ప్రాంతము, అనగా ఒక చిన్న దీపమునకు చాలునంత. దానితో పారిస్ నుండి ఇంగ్లండుకు, మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరము, మాట చేరవలెను. నేలబారుగా పోవు తరంగము అంత దూరము పోలేక మధ్యనే అణగారును. అందుచేత తరంగమును నిటారుగా ఆకాశమునకు పంపవలెను. పైనున్న విద్యుదావేశపు పొరలు అద్దము వలె దానిని త్రిప్పి క్రిందికి పంపును. ఈ విధముగా పంపుటకు ఎత్తయిన స్తంభములు అక్కరలేదు. అడ్డముగా కట్టిన తీగ, పెద్ద ఎత్తున లేకున్నను, చాలును. ఆపరేటరులకు దైవము చేసిన ఉపకారము ఇదియే అనవలెను.

కాని తీగకు పొడవు కావలెను. అరువది మీటర్ల తరంగమునకు సహజముగా సరిపడు తీగ ముప్పది మీటర్లు. అద్దె గదిలో ముప్పది మీటర్లు ఎక్కడనుండి వచ్చును? ఇరువది మీటర్ల ప్రాంతపు సన్నని తీగ చుట్టనే సూట్‌కేసులో పెట్టి ఇచ్చేవారు. కొరతపడిన పొడవును యంత్రములోని తీగచుట్టలు, కెపాసిటర్లు సవరించి పూరించవలెను. సవరింపు కుదిరినచో శక్తి తీగకు ఎక్కును. కుదరకున్న యంత్రములోనే వేడియై నశించును. ఈనాడు అమెచ్యూర్ రేడియో ప్రియులు నాలుగైదు వాట్ల యంత్రమును భుజాన వేసికొని కొండకొమ్మున కూర్చుండి పొట్టి తీగతో చేయు సాధన సరిగా ఇదే. వారికి తీగ కుదరనిచో ఒక సాయంకాలము వృథాయగును, అంతే. నూర్ గదిలో ఆ తీగ కిటికీ గుండా చెట్టుకొమ్మపైకి పోవలె, లేదా అటకపై వంపులు తిరుగవలె, లేదా బట్టలు ఆరవేయు తాడై నటించవలె. గాలిలో కొద్దిగా ఎక్కువ ఊగినను ఎదుటి మేడవాడు చూచును.

వేటగాండ్ర చేతనున్నదియు ఏరియలే! జర్మనులు మూసిన బండ్లలో గుండ్రని చట్రపు ఏరియల్‌ను త్రిప్పుచు వీధులు గాలించేవారు. చట్రపు ముఖము తరంగము వచ్చు దిక్కునకు తిరిగినపుడు ధ్వని అణగిపోవును. ఆ దిక్కున పటముపై గీత గీయుదురు. రెండవ చోటి నుండి మరొక గీత. రెండును కలిసిన చోట ఆపరేటరు. బండి చొరలేని సందులలో కోటు క్రింద చిన్న చట్రము దాచుకొని నడచేవారు కూడ ఉండేవారు. అరగంట సేపు ఒకే చోటినుండి మీట నొక్కినవారు చిక్కినట్లే. అందుచేత సందేశము పొట్టిగా ఉండవలె, స్థలము మారుచుండవలె, తీగ కట్టుట, విప్పుట నిమిషములలో జరుగవలె.

మొదట పారిస్‌కు పడమట గ్రిన్యోన్ వ్యవసాయ కళాశాల ఆవరణ నుండి, సహచరుల యంత్రముతో ఆమె సందేశములు పంపినది. పది దినములైనను గడువకముందే పిడుగు పడినది. జూన్ 24 నాటికి ప్రాస్పర్ అను ఆ రహస్య దళపు నాయకుడు ఫ్రాన్సిస్ సటిల్, ఆపరేటరు గిల్బర్ట్ నార్మన్ పట్టుబడినారు. తరువాత వందలాది మంది. తిరిగి రమ్మని లండను కబురు చేసినది. ఆమె రానన్నది. తాను పోయినచో పారిస్‌లో మిగిలినవారికి లండనుతో మాటలాడు నోరే ఉండదని ఆమె వాదము. పైవారు దానికి ఒప్పుకొన్నారు. ఒప్పుకొనుట న్యాయమా అన్న ప్రశ్న ఆమె జీవితకథ వ్రాసిన ప్రతివారిని వేధించినది; వేధింపవలసినదే.

ఆ తరువాతి మూడున్నర మాసములు ఆమె జీవితమంతయు ఆ సూట్‌కేసు, ఆ తీగ. జుట్టునకు రంగు వేసికొనును, ఇల్లు మారును, పాత సంగీతపు నేస్తముల తలుపు తట్టును. ఒకమారు మెట్రో రైలులో ఇద్దరు సైనికులు పెట్టెలో ఏమున్నదని అడుగగా, చలనచిత్ర యంత్రమని చెప్పి మూత కొద్దిగా తెరచి చూపినదట. అబద్ధమాడలేదని శిక్షకులు వ్రాసిన పిల్ల ఈమెయే! మరొక కథ ఉన్నది. నయ్యీ ప్రాంతమున ఆమె అద్దెకున్న మేడలో జర్మను అధికారులు కాపురముండేవారు. ఒక సాయంకాలము ఆమె తీగను చెట్టుకొమ్మకు తగిలింపలేక సతమతమగుచుండగా, ఒక అధికారి వచ్చి సాయము చేయనా అని అడిగినాడట. చేయమన్నది. ఆయన తగిలించి నమస్కరించి వెళ్ళినాడు. సంగీతము వినుటకు కట్టుకొన్నదని తలచినాడు కాబోలు. ఆ రాత్రి ఆ తీగ మీదుగానే సందేశము పోయినది.

ఆవలి తీరమున ఆ బలహీనమైన ధ్వనిని వినుచున్నది బకింగ్‌హామ్‌షైర్ పల్లెలలోని శ్రవణ కేంద్రములు. అందు కూర్చున్నవారు ఎక్కువమంది పడుచు బాలికలు. గురగురల నడుమ ఒక సన్నని స్వరము, ఆ స్వరమున ఒక బరువైన చేయి. ఆ చేయి వినబడిన దినము మాడెలీన్ బ్రతికియున్నదని నమ్మకము.

అక్టోబరు మధ్యమున ఆమె తిరుగు ప్రయాణమునకు ఏర్పాట్లు జరుగుచుండగనే, 13వ తేదీ ప్రాంతమున ఆమె పట్టుబడినది. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఆమెను పట్టి ఇచ్చినది ఏరియల్ తీగ కాదు. గాలింపు బండ్లు ఆమెను మూడున్నర మాసములు వెదకి ఓడినవి. ఎవరో మనిషి డబ్బునకు ఆశించి చిరునామా అమ్మినారు. యుద్ధానంతరము ఒకరిపై విచారణ జరిగినది కాని నేరము రుజువు కాలేదు. ఇక రెండవ ద్రోహము కాగితము చేసినది. తాను పంపిన సందేశములన్నిటికిని ఆమె నకళ్ళు వ్రాసి పుస్తకములో భద్రపరచినది. అట్లు చేయరాదు, శిక్షణలో తొందరపాటువల్ల ఆమెకు ఆదేశము సరిగా అర్థము కాలేదని కొందరు, ఆమె పొరపాటని కొందరు. ఆ పుస్తకము, ఆ యంత్రము చేతబడగా జర్మనులు ఆమె పేరున లండనుకు సందేశములు పంపసాగినారు. లండను కొంతకాలము నమ్మినది. ఆ నమ్మకమునకు బలియై 1944 ఫిబ్రవరిలో పారాచూట్లతో దిగినవారు దిగినట్లే పట్టుబడినారు. వారిలో ఫ్రాన్స్ ఆంతెల్మ్ అను ఆమె ఆప్తమిత్రుడును ఉన్నాడు.

పారిస్‌లో ఆవెన్యూ ఫోష్‌లోని గెస్టపో భవనమునకు తెచ్చిన కొద్దిసేపటికే ఆమె స్నానపు గది కిటికీ నుండి కప్పుమీదికి ప్రాకినది. పట్టుకొన్నారు. నవంబరు 25 రాత్రి కర్నల్ ఫే, జాన్ స్టార్‌లతో కలిసి, గది పైకప్పు గవాక్షపు చువ్వలు సడలించుకొని మరల కప్పు ఎక్కినది. ఆ క్షణముననే విమానదాడి సైరను మ్రోగి, కాపలావారు గదులు తనిఖీ చేసినారు. దాడికి వచ్చినవి బ్రిటిషు విమానములే. ఇక పారిపోనని మాట ఇమ్మన్నారు, ఇయ్యనన్నది. శిక్షకులు పిరికిదన్న పిల్లను జర్మనులు మిక్కిలి ప్రమాదకరమైన ఖైదీగా పరిగణించి, ఫోర్జ్‌హైమ్ కారాగారములో కాళ్ళకు, చేతులకు గొలుసులు వేసి ఏకాంతముగా ఉంచినారు. పది మాసములు. అచట తీగ లేదు, మీట లేదు. అయినను ఆమె తన ఉనికిని తెలుపుట మానలేదు. అన్నపు గిన్నె అడుగున తన మారుపేరును గీకి పంపగా, ప్రక్క గదులలోని ఫ్రెంచి స్త్రీ ఖైదీలు గిన్నెలు తిరుగవేసి చదివినారు. ఆమె అచట ఉండినదని లోకమునకు తరువాత తెలిసినది వారి మూలముననే.

1944 సెప్టెంబరు 13 ఉదయము డాఖౌ శిబిరమున మరి ముగ్గురు మహిళా కార్యకర్తలతోపాటు ఆమెను కాల్చి చంపినారు. వయస్సు ముప్పది. తండ్రి స్వదేశము విడిచి ఓడ ఎక్కినది ముప్పదినాలుగేండ్ల క్రితము సరిగా ఆ తేదీననే. ఫ్రాన్సు ఆమెకు 1946లో క్రువా ద గేర్ పతకమును, బ్రిటను 1949లో జార్జి క్రాసును ఇచ్చినవి. లండనులో గోర్డన్ స్క్వేర్ తోటలో 2012లో ఆమె విగ్రహము వెలసినది.

యుద్ధము మొదలు కాగానే, 1939లో, బ్రిటనులో అమెచ్యూర్ రేడియో లైసెన్సులన్నియు రద్దు చేసినారు. 1946లో తిరిగి ఇయ్యసాగినారు. అప్పుడు మిగులు సరకుగా అంగళ్ళకు వచ్చిన వస్తువులలో రహస్య దళపు సూట్‌కేసు యంత్రములు కూడ ఉన్నవి. అమెచ్యూర్లు వానిని చవుకగా కొని ఇంటికి తెచ్చుకొన్నారు. తీగ చుట్ట విప్పి, పెరటిలోని ఆపిలు చెట్టుకు, ఇంటి పొగగొట్టమునకు నడుమ, పట్టపగలు, ఇరుగుపొరుగు చూచుచుండగా కట్టుకొన్నారు.