బాప్తిస్మం తాయెత్తు కాదు: ఫాదర్ హయ్యర్ గారి జీవితం నేర్పే పాఠం



పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, సంగారెడ్డి ప్రాంతాల్లో మన సంఘాలు ఎలా కూడుకున్నాయో మీకు తెలియనిది కాదు. మెదక్ డయాసిస్‌కు చెందిన పాత కుటుంబాల పక్కనే, షిఫ్టు డ్యూటీల కోసం గుంటూరు, పలనాడు, గోదావరి జిల్లాల నుండి వచ్చిన లూథరన్ కుటుంబాలు కూర్చుంటాయి. ఏటా జూలై 31 రాగానే ఆ లూథరన్ ఇళ్ళలో ఫాదర్ హయ్యర్ గారి పేరు వినిపిస్తుంది. మిగతావారిలో చాలామందికి ఆయన ఎవరో తెలియదు. ఆయన కథ ఈ వారం అందరికీ చెప్పాలనుకున్నాం. దానికొక కారణం ఉంది.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. అప్పటి నుండి గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు మమ్మల్ని వెంటాడుతున్నాయి. బాప్తిస్మం పొంది, ఆదివారం ఆరాధన తప్పని వారికి కూడా ఇలాంటి ఆపదలు ఎందుకు వస్తాయి? ఆపద వచ్చిన ఇంట్లో ఏదో దాచిన పాపం ఉండి ఉంటుందా? ప్రాణాలు లెక్కచేయని వారిని సైతం క్షమించాల్సిందేనా? వీటికి తర్కంతో జవాబు చెప్పబోతే మాటలు తేలిపోతాయి. అందుకే ఒక మనిషి జీవితాన్ని మీ ముందు పెడుతున్నాం.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారు 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో పుట్టారు. నెపోలియన్ యుద్ధాలతో యూరప్ అట్టుడుకుతున్న రోజులవి. కన్నవారు ఆ పిల్లవాణ్ణి 1807లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న బంధువుల దగ్గరకు పంపించేశారు. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్ళు. అక్కడే వాక్యసేవకు పిలుపు అందుకున్నారు. మళ్ళీ జర్మనీ వెళ్ళి గొట్టింగెన్‌లో వేదాంతం చదివి వచ్చారు. 1820లో గురుపట్టాభిషేకం జరిగింది. ఆ తరువాత ఇరవై ఏళ్ళు పెన్సిల్వేనియా, మేరీలాండ్ అడవి దారుల్లో, ఇంకా పశ్చిమాన కొత్తగా వెలుస్తున్న పల్లెల్లో తిరిగి సంఘాలను కట్టారు, సండేస్కూళ్ళు పెట్టారు.

1839లో ఆయన భార్య మేరీ గారు కన్నుమూశారు. మరుసటి సంవత్సరమే ఇండియాకు వెళ్ళమని పిలుపు వచ్చింది. పెన్సిల్వేనియా లూథరన్ సంఘాలు ఆయనను పంపాయి. 1841 అక్టోబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కి, కొలంబో మీదుగా మద్రాసు చేరి, అక్కడి నుండి తెలుగు దేశానికి వచ్చి 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టారు. నలభై తొమ్మిదేళ్ళ వయసు, కొత్త భాష, తోడు ఎవరూ లేరు. నెల్లూరులో అప్పటికే బాప్టిస్టు మిషనరీలు పనిచేస్తున్నారు. గుంటూరులో కలెక్టరుగా ఉన్న హెన్రీ స్టోక్స్ గారు ఆదరించి చోటు చూపించారు.

ఆ గుంటూరు ఎలాంటిది? సరిగ్గా పదేళ్ళ ముందు, 1832-33లో అక్కడ డొక్కల కరువు వచ్చింది. జిల్లాలో ఉన్న సుమారు అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది పోయారని అంచనా. ఇంటికొక చావు చూసిన జనం మధ్యకు ఆయన వచ్చారు. దేవుడు మంచివాడని చెప్పాలంటే ఆ మాట ఎంత జాగ్రత్తగా చెప్పాలో ఆలోచించండి. హయ్యర్ గారు మొదట చేసిన పనుల్లో ఒకటి పిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పించడం.

1844లో వాల్టర్ గన్ గారు భార్యతో సహా సహాయంగా వచ్చారు. మరుసటి ఏడు చివర హయ్యర్ గారు అమెరికాకు తిరుగు ప్రయాణమయ్యారు. అక్కడ ఊరికే కూర్చోలేదు. బాల్టిమోరులో వైద్యం చదివి 1847లో పట్టా తీసుకున్నారు. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్ళు. ఈ వయసులో పుస్తకం పట్టడమేమిటని మన సంఘాల్లో ఎంతోమంది అంటుంటారు కదా! జ్వరంతో వణికే మనిషికి ప్రార్థన ఒక్కటే చేసి పంపకూడదని ఆయనకు గుంటూరు నేర్పింది. 1848లో మళ్ళీ వచ్చారు, డాక్టరుగా కూడా.

1849లో గుంటూరుకు పడమరగా డెబ్భై మైళ్ళ దూరంలో ఉన్న గురజాల వెళ్ళారు. ఆ రోజుల్లో పలనాడు అంటే రాళ్ళ నేల, చలిజ్వరం. సేవకు స్టోక్స్ గారే డబ్బు సాయం చేశారు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకునే గడ్డ అది. అయితే హయ్యర్ గారు వెళ్ళేనాటికి మాలపేట మనిషి ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేదు. ఎవరైనా దయతలచి పైనుండి పోస్తే దోసిలి పట్టాలి. బాప్తిస్మం కోసం ముందుకు వచ్చినవారు ఎక్కువగా ఆ పేటల వారే.

ఒక్క నిమిషం ఆగి ఈ దృశ్యం చూడండి. నీళ్ళ దగ్గరకు రానివ్వని మనిషిని దేవుడు నీళ్ళ దగ్గరకే పిలిచి, పేరు పెట్టి, నీవు నా బిడ్డవని ఒప్పుకున్నాడు. లూథరన్ విశ్వాసంలో బాప్తిస్మం అర్థం ఇక్కడ కళ్ళకు కడుతుంది. ఆ నీటికి సొంత శక్తి లేదు. దేవుని వాగ్దానం ఆ నీటితో కలిసి ఉంది గనుక అది రక్షణ సాధనమైంది. అది మనం దేవునికి ఇచ్చే మాట కంటే ముందు, దేవుడు మనకు ఇచ్చే మాట. అందుకే లూథరన్ సంఘాలు పసిబిడ్డలకు కూడా బాప్తిస్మమిస్తాయి. బిడ్డకు ఏమి తెలుసని అడిగితే, తల్లి ఎత్తుకున్నప్పుడు బిడ్డకు ఏమి తెలుసని వారు తిరిగి అడుగుతారు. పెద్దయ్యాకే ముంచాలనే సహోదరులు మన చుట్టూ ఉన్నారు. వారిని నొప్పించడానికి మేమీ మాట రాయడం లేదు. దేవుని కృప ముందు, మన జవాబు తరువాత అనే క్రమాన్ని ఎవరమూ మరచిపోకూడదని మా మనవి.

లూథరు గారు రాసిన చిన్న ప్రశ్నోత్తరిని బెంజమిన్ షుల్జ్ గారు తెలుగులోకి తెచ్చారు. అది 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయింది. హయ్యర్ గారు రాకముందే ఆ బోధ మన భాషలో ఉంది. బాప్తిస్మం ఒక్కరోజుతో ముగిసేది కాదని అందులోని సారాంశం. మనలోని పాత మనిషి ప్రతిరోజూ మారుమనస్సుతో చావాలి, కొత్త మనిషి ప్రతిరోజూ లేవాలి. రోమా పత్రిక ఆరో అధ్యాయం చెప్పేది కూడా అదే. మనం క్రీస్తు మరణంలోకి బాప్తిస్మం పొందాం. ఆయన మరణంలోకి ముంచబడినవారిని శ్రమ ముట్టుకోదని ఎవరు చెప్పారు?

పలనాడు, గుంటూరు సేవ చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. వాల్టర్ గన్ గారు 1851లో గుంటూరులోనే క్షయతో చనిపోయారు. విలియం స్నైడర్ గారిని 1859లో కలరా తీసుకుపోయింది. ఆడమ్ లాంగ్ గారు 1866లో సామర్లకోటలో మశూచికంతో పోయారు, ఆయన పిల్లలు ఇద్దరు కూడా అదే రోగంతో పోయారు. వీరంతా బాప్తిస్మం పొందినవారే, ప్రార్థనాపరులే. బాప్తిస్మం తాయెత్తు అయితే వీరి సమాధులు మన నేలలో ఉండేవి కావు.

శ్రమను లూథరు గారు సిలువ వెలుగులో చూశారు. దేవుణ్ణి వైభవంలో వెతికేవాడు దారి తప్పుతాడనీ, దేవుడు తనను తాను సిలువ మీద, బలహీనతలో, దాగినవానిగా చూపించుకున్నాడనీ 1518లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన వాదంలో ఆయన నిలబడ్డారు. అలా చూసేవాడు చెడును చెడుగానే పిలుస్తాడు, దానికి మంచి పేరు పెట్టడు. ఇది మన ప్రాంతానికి ఎంతో అవసరమైన బోధ. కాపుదల ఏర్పాట్లు లేక, యంత్రాలు సరిచూడక మనుషులు చనిపోతే, అది దేవుని చిత్తమని సమాధి దగ్గర చెప్పి వచ్చేయడం సిలువ బోధ కాదు. మనిషి చేసిన తప్పును దేవుని నెత్తిన వేయడమే అది. హయ్యర్ గారు చలిజ్వరాన్ని దేవుని చిత్తమని వదిలేయలేదు, మందు ఇవ్వడం నేర్చుకుని వచ్చారు.

పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు యేసుప్రభువు ఆ లెక్కనే కొట్టివేశాడు. యోహాను తొమ్మిదో అధ్యాయం మరొకసారి చదవండి. చనిపోయిన కార్మికుని ఇంటి ముందు నిలబడి పాపాల లెక్క తీసే నోరు, మనది కాకుండా చూసుకుందాం.

ఇక క్షమాపణ. ఇక్కడ హయ్యర్ గారిని నిర్దోషిగా నిలబెట్టాలని మాకు లేదు. తల్లిలేని తన పిల్లలను అమెరికాలో వదిలి ఆయన సముద్రం దాటారు. సంఘం ఆ త్యాగాన్ని పొగిడింది. ఆ పిల్లలు ఎన్ని రాత్రులు తండ్రి కోసం ఎదురుచూశారో ఎవరు లెక్కపెట్టారు? సేవ పేరుతో ఇంటివారిని నొప్పించిన మా వంటి కాపరులకు ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడు, పాపి కూడా అని లూథరన్లు బోధిస్తారు. ఆదివారం పాపపు ఒప్పుకోలు తరువాత కాపరి క్షమాపణ ప్రకటిస్తాడు. అది ఆ కాపరి మంచితనం వల్ల వచ్చింది కాదు, మన మనసు తేలికపడటం మీద ఆధారపడిందీ కాదు. క్రీస్తు మాట మీద ఆధారపడింది. ప్రకటించే కాపరికి కూడా అదే క్షమాపణ కావాలి.

హయ్యర్ గారి చివరి ప్రయాణం చూడండి. 1857లో ఆయన అమెరికా వెళ్ళిపోయి మిన్నెసోటాలో సేవ చేశారు. ఈలోగా అక్కడ అంతర్యుద్ధం జరిగింది, లూథరన్ సంఘాలు కూడా ముక్కలయ్యాయి. మన దేశానికి పంపడానికి మనుషులు కరువయ్యారు. రాజమండ్రి సేవను వేరే మిషనుకు అప్పగించే ఏర్పాటు జరుగుతోంది. అప్పుడు జర్మనీలో ఉన్న హయ్యర్ గారికి, రాజమండ్రిలో పూర్వం పనిచేసిన గ్రోనింగ్ గారి ద్వారా ఆ సంగతి తెలిసింది. 1869లో రెడింగ్ పట్టణంలో జరిగిన పెన్సిల్వేనియా సంఘ సభకు వెళ్ళి, ఎవరూ లేకపోతే తానే వెళ్తానన్నారు. ఎప్పటికి సిద్ధమవుతారని అడిగితే, చేతిలోని సంచి చూపించి ఇప్పుడే సిద్ధమన్నారని లూథరన్ సంఘాల్లో నేటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయసు డెబ్భై ఆరు.

ఆ డిసెంబరులో రాజమండ్రి చేరారు. 1870లో సాయంగా వచ్చిన యువకుడు బెకర్ గారు కొద్ది వారాలకే చనిపోయారు. వయసు మళ్ళిన మనిషి కుర్రవాణ్ణి సమాధి చేయాల్సి వచ్చింది. అయినా ఆయన కదలలేదు. అదే ఏడు వచ్చిన ష్మిట్ గారికి పని అప్పగించి, 1871 మొదట్లో బయలుదేరారు. 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో ఎనభై ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అమెరికాలో చీలిన సంఘాలు 1918లో మళ్ళీ కలిశాయి. 1927లో గుంటూరు, రాజమండ్రి సేవలు ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఒకటయ్యాయి. సంఘాల మధ్య సమాధానానికి కూడా సంవత్సరాలు పడుతుంది.

కాబట్టి, తప్పు చేసినవారిని క్షమించాలా అని అడిగే విధవరాలిని తొందరపెట్టకండి. క్షమాపణ దేవుడు ఆమెకు ఇచ్చే వరం, మనం ఆమె మీద మోపే బరువు కాదు. క్షమించడమంటే నష్టపరిహారం వదులుకోవడం కాదు, కేసు వెనక్కి తీసుకోవడం కాదు, నిజాన్ని దాచడం అంతకంటే కాదు. పగ మన ప్రాణాన్ని తినకుండా దాన్ని ప్రభువు చేతిలో పెట్టి, న్యాయం కోసం నిటారుగా నిలబడటం.

మన సంఘాలు ఈ నెలలో మూడు పనులు చేయాలని కోరుతున్నాం. మీ బాప్తిస్మపు తేదీ రిజిస్టరులో చూసి తెలుసుకుని, ఆ రోజున మీ ఇంట్లో ప్రార్థన పెట్టుకోండి. ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి, వారు ఏ భాషవారైనా, ఏ మతంవారైనా, జనం రావడం మానేసిన తరువాత ఒకసారి వెళ్ళండి. మాటలు లేకపోతే ఊరికే కూర్చుని రండి. కర్మాగారంలో సూపర్‌వైజరుగా, మేనేజరుగా ఉన్న విశ్వాసులారా, తోటివాడి ప్రాణం కాపాడటం కూడా మీ బాప్తిస్మ జీవితంలో భాగమే. లోపం కనబడితే నోరు విప్పండి.

సిలువ దగ్గర మనకోసం నిలిచిన ప్రభువు, మన శ్రమలో మనలను విడువకుండునుగాక. ఆమేన్.